లోహాల వల

రాళ్లమడుగులో స్వరూప బస్సెక్కిన ప్రతిసారీ ఆమె సంచిలో సీసాలు గలగలలాడేవి. ఒకసారి కండక్టరు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏందమ్మా గది, తేనెనా?"

అవునంటే అబద్ధం. కాదంటే ఇంకో ప్రశ్న. స్వరూప సంచిని ఒళ్లోకి తీసుకుని కిటికీ బయట కొండగుట్టలు చూస్తూ కూర్చుంది. ఊళ్లో కొత్త మందు తాగుతున్నవాళ్ల మూత్రం సీసాలవి. వారానికోసారి వాటిని హైదరాబాద్‌లోని ల్యాబుకు చేర్చడం ఆమె పని.

ఆమె అక్క అండాలుకు ఇలాంటి మొహమాటాలు లేవు. వాడకట్టంతా వినబడేట్టు చెప్పేది.

"మా చెల్లె ఎంత చదువు చదివిందో చూడున్రి. పట్నంల పెద్ద సైంటిస్టు. ఊకూకె వచ్చి నా ఉచ్చ సీసా మోసుకపోతది."

"అక్కా, జర మెల్లగ," అని స్వరూప బతిమాలేది.

"ఏం, సిగ్గా? పోసేదాన్ని నాకే లేదు, మోసేదానివి నీకెందుకే?"

రాళ్లమడుగు బోరునీళ్లు చూడటానికి అద్దంలా ఉండేవి. ఆ నీళ్లలోని ఫ్లోరైడు కంటికి కనబడేది కాదు, నాలుకకు తెలిసేది కాదు. పిల్లల పళ్లమీద మొదట పచ్చటి చారలు వచ్చేవి. తర్వాత కాళ్లు వంకర పోయేవి. నడివయసు వచ్చేసరికి వెన్నెముక బిగుసుకుపోయి మనిషి కొడవలిలా వంగిపోయేవాడు. ఇప్పుడు నల్లాల్లో మంచినీళ్లు వస్తున్నాయి, కొత్తగా పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. కానీ అంతకుముందే ఎముకల్లోకి చేరి కూర్చున్నది మాత్రం దిగి పోలేదు.

అండాలు మెడ ఎటూ తిరిగేది కాదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. వెల్లకిలా పడుకోలేక ఏళ్లు గడిచిపోయాయి. కుట్టుమిషను ముందు కూర్చుని ఊరందరికీ జాకెట్లు కుట్టేది. ఎవరైనా జాలిపడితే నవ్వేది. "దర్జీదానికి మెడ వంగే ఉండాలె. దేవుడు కొలత చూసే కుట్టిండు," అనేది.

స్వరూప వెన్ను నిటారుగా ఉందంటే అది అక్క చలవే. చిన్నప్పుడు మిర్యాలగూడ మేనత్త ఒకసారి వచ్చి, "ఒక పిల్లను నా దగ్గర ఉంచున్రి, కాలువ నీళ్లు తాగి పెరుగుతది," అంది. ఇద్దరిని ఉంచుకునే చోటు ఆమె ఇంట్లో లేదు. పెద్దది కదా అని అమ్మ అండాలు బట్టలు సంచిలో సర్దింది. అండాలు ఆ సంచిలోంచి తన లంగాలు తీసేసి చెల్లెలి గౌన్లు పెట్టింది. "నా పళ్లు ఎట్లనో పచ్చగైనయి. దానివి ఇంకా పాలపళ్లే గద," అంది. అంతే. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. స్వరూప మాత్రం నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు, బస్సు వెనక పరుగెత్తినప్పుడు, తలెత్తి మబ్బులు చూసినప్పుడు మనసులోనే అక్కకు దండం పెట్టుకునేది.

ఆ దండాన్ని పైకి చెప్పే వీలు ఇన్నాళ్లకు దొరికింది.

*

ప్రొఫెసర్ విక్టర్ ల్యాబులో తయారైన పొడిని అందరూ 'వల' అనేవాళ్లు. అది నిజంగా వలే. లోహపు అణువులు ముడులు, వాటిని కలిపే కర్బన అణువులు దారాలు. ముడుల్లో కొన్ని జిర్కోనియంవి, కొన్ని లాంథనంవి. పొడిని నీళ్లలో కలిపి తాగితే ఆ సన్నటి రేణువులు నెత్తురులో తిరుగుతూ ఎముకల్లోంచి ఫ్లోరైడును కొద్దికొద్దిగా రాబట్టి ముడుల మధ్య బిగించి పట్టుకోవాలి. తర్వాత మూత్రంతో బయటికి వచ్చేయాలి. సీసాల అడుగున మిగిలిన ఆ తెల్లటి పొడిని వడకట్టి ఆరబెట్టి, అందులో ఫ్లోరైడు ఎంత చిక్కిందో, ఏ ముడి దగ్గర చిక్కిందో చూడటమే స్వరూప చేసే పరిశోధన.

ఆ పరీక్ష చేసే అయస్కాంతం గదిలోకి అడుగుపెట్టే ముందు నేలమీద ఒక ఎర్ర గీత ఉండేది. దాన్ని దాటేముందు గడియారం, తాళాలు, తలపిన్నులు అన్నీ తీసి బుట్టలో వేయాలి. గది మధ్యలో నిలువెత్తు స్టీలు పీపా, దాని కడుపులో అతిచల్లటి ద్రవంలో మునిగిన అయస్కాంతం. స్వరూప పొడిని రోటర్ అనే చిట్టి గొట్టంలో నింపేది. అది లావుపాటి బియ్యపు గింజంత ఉండేది. సన్నటి కడ్డీతో పొడిని కూరి, మూత బిగించి, పీపా లోపలికి పంపి గాలి వదిలేది. రోటర్ ఒక పక్కకు వాలి, బొంగరంలా తిరగడం మొదలుపెట్టేది. వేగం పెరిగేకొద్దీ గదిలో సన్నటి ఈల వినబడేది.

కదలకుండా ఉంచితే పొడిలోని రేణువులన్నీ తలో దిక్కు చూస్తుంటాయి, వాటి సిగ్నళ్లు సంతలో మాటల్లా కలగలిసిపోతాయి. ఆ ఒక్క వాలులో పెట్టి గిరగిరా తిప్పితే రొద అణిగి, ఏ అణువు గొంతు ఆ అణువుది అవుతుంది. ఫ్లోరిన్ గొంతు వింటే చాలు, దాని పక్కన ఏ లోహం కూర్చుందో చెప్పేయొచ్చు. కంప్యూటరు తెరమీద అది ఒక కొండలా లేస్తుంది.

లేవాలి మరి. చాలామంది సీసాల్లో ఆ కొండలు చీమల పుట్టలంత కూడా లేవలేదు. వల ఊళ్లోకి వెళ్లి ఖాళీగా తిరిగి వస్తోంది.

"డబ్బిచ్చేవాళ్లు ఇంకో నెల చూస్తారు. తర్వాత ఆపేయమంటారు," అన్నారు విక్టర్. ఆయన నెమ్మదైన మనిషి. ప్రతి ప్రయోగానికి ముందు కళ్లు మూసుకుని పెదాలు కదిపేవారు. ఫలితం ఎలా వచ్చినా, "స్తోత్రం" అనేవారు. ఆ రోజు ఆ మాట రాలేదు.

ఆ సమయంలోనే ఒక ఆదివారం పొద్దున బావ యాదగిరి ఫోన్ చేశాడు.

"స్వరూపా, మీ అక్క నన్ను తిడుతున్నదే."

"ఎందుకు బావా?"

"ముసలోణ్ణి అయిననంట."

"అదేంది?"

"నువ్వు వచ్చి నువ్వే చూడు," అన్నాడు.

స్వరూప వెళ్లేసరికి అండాలు వాకిట్లో చాపమీద పడుకుని ఉంది. వెల్లకిలా. వీపు పూర్తిగా చాపకు ఆనలేదు, నడుము కింద ఒక దిండు ఉంది. కానీ తల నేలమీదే ఉంది. కళ్లు ఆకాశంలోకి చూస్తున్నాయి.

"అక్కా," అంది స్వరూప.

"రా, కూసో. గీయన్ని చూడు," అంటూ అండాలు మొగుడి వైపు తల తిప్పింది. మనిషి తిరగలేదు, తలొక్కటే తిరిగింది. "గిన్నేండ్లు ఈయన పాదాలే చూసిన. పాదాలు మంచిగనే ఉన్నయి. పొద్దున తల లేపి చూస్తే మీసమంత తెల్లగైంది, నెత్తిమీద ఎంటికె లేదు. నాకు ఒక్క మాట చెప్పకుండ ఎప్పుడు ముసలోడివైతివయ్యా అని అడిగితే ఏడుస్తున్నడు."

"ఏడుస్తలేను. కన్నుల నలక వడ్డది," అన్నాడు యాదగిరి.

"రెండు కండ్లల్ల పడ్డదా?"

ఆకాశంలో ఒక గద్ద గుండ్రంగా తిరుగుతోంది. అండాలు దాన్నే చూస్తోంది. మోకాళ్లు ఇంకా వంగే ఉన్నాయి, వాటిని చాపలేకపోతోంది. "ఇగ గివి కూడా సాపుగైతే చాలు. మిషను కాడికి కర్ర లేకుండ పోత," అంది.

స్వరూప అక్క పాదాల దగ్గర కూర్చుని ఆ మోకాళ్లమీద చెయ్యి వేసింది. మనసులోనే ఎవరెవరికో దండం పెట్టుకుంది. వలకు, విక్టర్ సార్‌కు, ఆ స్టీలు పీపాకు, తేనె అనుకున్న కండక్టరుకు కూడా.

*

అక్క సీసాలోని పొడి తెరమీద నిజంగానే కొండ లేపింది. మిగతా అందరివీ కలిపినా దాని పాదానికి రావు.

విక్టర్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "స్వరూపా, సీసాలేమైనా తారుమారయ్యాయేమో అమ్మా. ఒకే మందు, ఒకే ఊరు, ఒకే నీళ్లు. ఒక్కరికే ఎలా పనిచేస్తుంది?"

"తారుమారు కాలేదు సార్. నేను ఆమెను చూశాను. మెడ లేచింది."

"అయితే ఈ కొండ ఉండాల్సిన చోట ఎందుకు లేదు?"

అది నిజమే. జిర్కోనియం పక్కన ఉంటే ఒకచోట, లాంథనం పక్కన ఉంటే ఇంకోచోట రావాలి. ఇది రెండింటికీ కాస్త దూరంగా, ముక్కూ మొహం తెలియని చుట్టంలా వచ్చి కూర్చుంది. ఇద్దరూ తలో లోహం పేరు చెప్పారు. ఒక్కటీ కుదరలేదు. చివరికి స్వరూపే, "అల్యూమినియం విందామా సార్?" అంది.

"మన వలలో అల్యూమినియం ఎక్కడిదమ్మా?"

"లేదు సార్. లేదని తెలిస్తే ఆ పేరు కొట్టేయొచ్చు కదా."

మీటను అల్యూమినియం వైపు తిప్పి విన్నారు. సన్నగా, సూటిగా, తాటిచెట్టులా ఒక గీత లేచింది. రోటర్ శుభ్రంగా లేదేమోనని కొత్తది తెచ్చి, పొడి మళ్లీ నింపి తిప్పారు. మళ్లీ అదే గీత. ఆ అల్యూమినియం ఏదో పైన అంటుకున్న మురికి కాదు. వల ముడుల్లో దర్జాగా కూర్చుని, పక్కనున్న జిర్కోనియంతో కలిసి ఫ్లోరైడును రెండు చేతులా పట్టుకుని ఉంది.

మర్నాడే స్వరూప రాళ్లమడుగు వెళ్లింది. అండాలు పొయ్యి దగ్గర ఉంది. ఇప్పుడు నిలబడే వంట చేస్తోంది, కర్ర గోడకు ఆనించి.

"అక్కా, పొడి ఎట్ల తాగుతున్నవు?"

"నువ్వు చెప్పినట్టే."

"నేనేం చెప్పిన?"

"నీళ్లల్ల కలుపుకొని తాగమన్నవు."

"తాగుతున్నవా మరి?"

అండాలు గరిటె తిప్పింది. "చారు నీళ్లు గాదా?"

స్వరూప పొయ్యిమీదికి చూసింది. సత్తుగిన్నెలో చింతపండు చారు తెర్లుతోంది. తోమి తోమి గిన్నె లోపల వెండిలా మెరుస్తోంది.

"ఉత్త నీళ్లల్ల తాగితే సున్నం తిన్నట్టే ఉండె. రెండు దినాలు కక్కుకున్న. నీకు చెప్తే మందు మాన్పిస్తవని చెప్పలే. చారుల ఏసి మరగవెడితే ఏం తెలుస్తలేదు. ఇంత ఇంగువ ఏస్తే ఇంకా మంచిగున్నది."

స్వరూపకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సత్తంటే అల్యూమినియమే. చింతపండు పులుపు దాన్ని గిన్నెలోంచి కరిగించింది. మరుగుతున్న చారులో ఆ సత్తు వల ముడుల్లోకి దూరింది. పెద్ద పెద్ద ల్యాబుల్లో ఎంత తంటాలుపడినా కుదరని అమరిక ఇంగువ వాసన మధ్య కుదిరింది.

"ఏందే, తప్పు చేసిన్నా?" అంది అండాలు.

"లేదక్కా. నువ్వు చేసింది ఎవ్వరికి చేతకాలే," అంటూ స్వరూప అక్కను గట్టిగా పట్టుకుంది.

"వదులు, గరిటె కాలుతది."

తిరుగు బస్సులో ఆ సంతోషం నార్కట్‌పల్లి దాకా ఉంది. అక్కడ బస్సు ఆగింది. ఒక ముసలామె ఎక్కితే, ఒక కాలేజీ పిల్ల లేచి సీటిచ్చి తలుపు దగ్గర నిలబడింది. స్వరూప ఆ పిల్లను చూస్తూ ఉండిపోయింది.

వలలో ముడులు ఎన్నో అన్నే ఉంటాయి. అల్యూమినియం వచ్చి కూర్చుందంటే అక్కడున్న లాంథనం లేచి వెళ్లిపోయి ఉండాలి. లేచి చారులోకి దిగింది. ఆ చారును అక్క ఒక్క చుక్క మిగల్చకుండా రోజూ తాగింది.

మరి మూత్రంలోకి లాంథనం రాలేదు. ఎక్కడికి పోయింది?

*

విక్టర్ అంతా విని కిటికీ వైపు తిరిగారు.

"ఎముకల్లోకి పోయి ఉంటుంది. ఫ్లోరైడు ఖాళీ చేసిన చోట్లలోకి," అన్నారు. "ఇవాళే ఆపాలమ్మా. ఆసుపత్రి డాక్టర్లకు నేను చెబుతాను. మీ అక్కకు నువ్వు చెప్పు."

"మోకాళ్లు ఇంకా రాలేదు సార్."

"తెలుసు."

చెప్పడం అనుకున్నదానికన్నా కష్టమైంది. అండాలు కుట్టుమిషను ఆపకుండానే వింది. తర్వాత సూది దగ్గర దారం పళ్లతో కొరికింది.

"ఫ్లోరైడు ఉన్నప్పుడు ఎవ్వలు ఆపలే. గిప్పుడు ఇంకోటి ఉన్నదని ఆపుతరా?"

"అది ఏం చేస్తదో తెల్వదు అక్కా. ఎముక పెళుసు అయితదేమో."

"మెడ లేసింది. మోకాలు లేస్తది. తర్వాత పెళుసైతే అయితది. నా బొక్కలు నా ఇష్టం."

"అక్కా, మందు పొట్లాలు ఇటియ్యి."

"అయిపోయినయి."

"అయిపోలే. నేనే గద ఇచ్చింది."

"అయిపోయినయన్న గద," అని అండాలు మిషను చక్రాన్ని గట్టిగా తిప్పింది. ఆ సాయంత్రం దాకా చెల్లెలితో మాట్లాడలేదు. యాదగిరి బస్టాండు దాకా వచ్చి సంచి అందించి, "నేను నచ్చజెప్త. కర్ర లేకుండ మా చిన్నమ్మాయి పెండ్లిల తిరగాలని దానికి ఒకటే ఆశ. అందుకే గట్ల అన్నది, నువ్వు మనసుల వెట్టుకోకు," అన్నాడు.

వారం తిరిగేసరికి అండాలు కబురు పెట్టింది. తుంటి దగ్గర ఎముక ముక్క తీయించుకోవడానికి ఒప్పుకుంటానంది. ఒక షరతు. "నా బొక్కను నువ్వు ఎట్ల చూస్తవో నేను కండ్లార చూడాలె."

ఆసుపత్రిలో ముక్క తీసిన గాయం మానాక ఆమె ల్యాబుకు వచ్చింది. యాదగిరి చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లెక్కింది. ఎర్ర గీత దగ్గర స్వరూప బుట్ట చూపించింది.

"ఇనుపవి అన్ని తియ్యాలక్కా. అయస్కాంతం గుంజుకుంటది."

అండాలు గాజులకు గుచ్చిన పిన్నీసులు తీసింది. తాళిబొట్టుకు ఉన్న పిన్నీసుల గుత్తి తీసింది. కొప్పులోంచి తలపిన్నులు తీసింది. జాకెట్టు అంచులోంచి సూదులు ఒకటొకటే లాగింది. బుట్ట అడుగు కనిపించలేదు.

"ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగారు విక్టర్, నవ్వు ఆపుకుంటూ.

"కొంగు కొసకు ఒకటి ఉన్నది సారూ. జర ఆగున్రి. దర్జీ ఆడిదంటే నడిచే సూదులపెట్టె."

స్వరూప ఎముక పొడిని రోటర్లో నింపుతుంటే అండాలు వంగి చూడబోయి, వంగక్కర్లేదని గుర్తొచ్చి నిటారుగానే నిలబడి చూసింది. గాలి వదిలారు. ఈల మొదలైంది.

"గా సప్పుడు నా బొక్కదేనా?"

"నీదే."

"మంచిగ పాడుతున్నది. నేనెన్నడు పాడలే," అంది అండాలు, నెమ్మదిగా.

తెరమీద కొండలు లేచాయి. స్వరూప వేలితో చూపించింది. "ఇది నీ ఎముకల మిగిలిన ఫ్లోరైడు. మందుకు ముందు ఇంత ఎత్తు ఉండి ఉంటది, ఇప్పుడు గింతే. పోయింది మొత్తం నువ్వు బయటికి పంపినవు." ఆమె వేలు పక్కకు జరిగి ఆగింది. "ఇది కొత్తది. మిగిలిన ఫ్లోరైడు పక్కన లాంథనం వచ్చి కూసుంది."

"చెడ్డదా?"

"తెల్వదక్కా. ఎవ్వరికి తెల్వదు. ఇన్నొద్దులు ఎవ్వరి ఎముకల్ల ఇట్ల చూడలే."

అండాలు ఆ చిన్న కొండను చాలాసేపు చూసింది. తర్వాత జాకెట్టులో చెయ్యి పెట్టి ఒక గుడ్డమూట తీసి బల్లమీద పెట్టింది. దాచుకున్న మందు పొట్లాలన్నీ అందులో ఉన్నాయి.

"ఒక్కటి కూడా తాగలే. ఉంటే తాగబుద్ధయితదని ఎంబడి తెచ్చిన," అంది.

యాదగిరి గోడ వైపు తిరిగాడు. విక్టర్ కళ్లు మూసుకున్నారు, ఆయన పెదాలు కదిలాయి.

*

ఆ తర్వాత పని వేగంగా సాగింది. అల్యూమినియంను చారులో కాకుండా మొదట్లోనే, వల అల్లుతున్నప్పుడే ముడుల్లో కూర్చోబెట్టారు. లాంథనంను పూర్తిగా తీసేశారు. జిర్కోనియం, అల్యూమినియం ఒకటి విడిచి ఒకటి అమరాలి. రెండు అల్యూమినియంలు పక్కపక్కన పడితే వల వదులవుతోంది. ప్రతి కొత్త పొడినీ స్వరూప రోటర్లో తిప్పి, గీతలు చూసి, కాదని పక్కన పెట్టి మళ్లీ తిప్పింది. చివరికి ఒక పొడిలో ఒక్కటే గీత నిలబడింది, పక్కన ఏ మరకా లేకుండా. దాన్ని పులుపులో మరగబెట్టారు, ఉప్పులో నానబెట్టారు. ఒక్క లోహమూ ముడి విడిచి బయటికి రాలేదు.

"స్తోత్రం," అన్నారు విక్టర్. ఈసారి గట్టిగానే అన్నారు.

స్వరూప ఆగలేకపోయింది. అక్క ఎముక పొడి ఇంకా చిటికెడు మిగిలి ఉంది. దాన్ని కొత్త వలతో కలిపి వెచ్చటి ఉప్పునీళ్లలో ఉంచింది. కొత్త వల ఫ్లోరైడును తీస్తే చాలు, అక్క మళ్లీ మందు తాగొచ్చు, మోకాళ్లు చాపొచ్చు. ఆ పొడిని ఆరబెట్టి రోటర్లో నింపి భాస్వరం వైపు మీట తిప్పింది. ఎముక గట్టిగా ఉంటే భాస్వరం గీత సన్నగా, నిక్కచ్చిగా రావాలి.

గీత నీళ్లలో పడిన సిరాలా పరుచుకుపోయింది. కొత్త వల ఫ్లోరైడుతో పాటు దాన్ని అంటుకున్న లాంథనంను కూడా లాగుతోంది. ఆ లాంథనం పోతూ పోతూ చుట్టూ ఉన్న ఎముకను గుల్ల చేస్తోంది. ఊళ్లో అందరికీ ఈ మందు సరిపోతుంది. ఒక్క అండాలుకు తప్ప. ఈ మందు పుట్టడానికి కారణమైన ఒక్క మనిషికి తప్ప.

స్వరూప రోటర్ తిరగడం ఆగిపోయేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత లేచి బస్టాండుకు వెళ్లింది.

దారంతా మాటలు కూడగట్టుకుంది. ముందు మంచివార్త చెప్పాలి, తర్వాత మెల్లగా రెండోది. గడపలో స్వరూప చెప్పులు విప్పుతూ ఇంకా పెదవి కదపకముందే అండాలు మిషను ఆపేసింది.

"నాకు ఇయ్యరు గద ఆ మందు?"

"నీకెట్ల తెలుసు?"

"నీ మొకం చూసిన. ఇంతకుముందైతే దాసేదానివి. నాకు నీ కాళ్లే కనవడేవి. ఇప్పుడు దాసలేవు పిల్లా."

స్వరూప గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. కూడగట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. "నీ వల్లనే అయిందక్కా అంతా. నేను ఇట్ల కూసున్నా, నడుస్తున్నా, అన్నీ నీవల్లనే. నీకు ఒక్కటి తిరిగి ఇద్దామనుకున్న. అది కూడా..."

"ఇయ్యలేదా? మెడ ఎవ్వలిచ్చిన్రు?"

"మోకాళ్లు..."

"మోకాళ్లకు కర్ర ఉన్నది. మెడకు కర్ర లేకుండె," అంది అండాలు. మిషను మీది గుడ్డను తీసి మడిచింది. "ఏడ్చిన తియ్. అబద్ధం ఎందుకు. ఆ దినం ల్యాబుల చిన్న కొండ చూసినప్పుడే నాకు అర్థమైంది, ఇంటికొచ్చినంక మస్తు ఏడ్చిన. తెల్లారి లేసి వెల్లకిల పన్న. మీద మబ్బులు పోతున్నయి. ఇదన్న దొరికింది గద అనుకున్న."

స్వరూప కళ్లు తుడుచుకుంది. పట్నంలో ఎన్నిసార్లో ఎంత తేలిగ్గానో అనే మాటను పట్టుపట్టి ఇప్పుడు అనబోయింది. "థాంక్స్..."

"గా మాట పట్నంల అనుకో. లే, నిలవడు. జాకెట్టు కొలత తీస్త. ఈ ఊళ్లె నీదొక్కటే సక్కటి వీపు. కుట్టినప్పుడల్ల మనసు నిండుగుంటది."

అండాలు టేపు తీసింది. మెడనుంచి నడుము దాకా చెల్లెలి వీపుమీద టేపును జరుపుతూ, అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపే కొలిచింది. స్వరూప కదలకుండా నిలబడింది.

*

కొత్త మందు రాళ్లమడుగుకు వచ్చిన రోజున బడి వరండాలో బల్ల వేశారు. వంగిన మనుషులందరూ నేలను చూస్తూ వరుసలో నిలబడ్డారు. బల్లకు అవతల అండాలు, ఆమె చేతికర్ర, నీళ్ల బిందె. ఎవరూ చెప్పకుండానే పొద్దున్నే వచ్చి కూర్చుంది.

"నా కండ్లముందట తాగాలె. ఇంటికి తీస్కపోయి పెరుగుల కలుపుకుంట, కల్లుల కలుపుకుంట అంటే నడవదు," అని అందరినీ బెదిరిస్తోంది. "మొకం అట్ల వెట్టకు సాయన్నా. సున్నమే, చావవు. మింగు."

స్వరూప పొట్లాలు విప్పి గ్లాసుల్లో పోస్తోంది. వరుసలో చివరగా నిలబడ్డ ముసలి మల్లారెడ్డి తాత బల్ల దగ్గరికి వచ్చి ఆగాడు. నడుము విల్లులా వంగిపోయి ఉంది. తల తిప్పలేక, ఒక పక్కకు ఒరిగి కిందినుంచి అండాలు వైపు చూశాడు.

"అండాలూ, అందరికి పోస్తున్నవు గని నువ్వు తాగుతలేవేందే? నీకు ఇయ్యరా?"

స్వరూప చెయ్యి ఆగిపోయింది.

అండాలు గ్లాసు అందుకుని, కర్ర ఆసరాతో లేచి, బల్ల చుట్టూ తిరిగి ముసలాయన పక్కకు వచ్చి నిలబడింది. తల ఎత్తలేని ఆయన పెదాలకు అందేట్టు గ్లాసును కిందినుంచి పట్టింది.

"నేను ముందుగాలనే తాగిన తాతా," అంది. "ఇది నీ వంతు. తాగు."

ముసలాయన గుటకలు వేశాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అండాలు దాన్ని వదల్లేదు.